ఉద్యోగం ఇప్పుడే మానకు, ఆ కాగితం మీద మాత్రం అసలు సంతకం పెట్టకు

అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తాను తమ్ముడూ.

నీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీది సత్తెనపల్లి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నావు, నెలకి 38 వేలు చేతికొస్తున్నాయి. పద్నాలుగు నెలలుగా ఇన్‌స్టాగ్రామ్‌లో కామిక్ స్ట్రిప్ వేస్తున్నావు, ఆరు వేల మంది ఫాలో అవుతున్నారు. ఇప్పుడొక యాప్ వాళ్ళు అరవై స్ట్రిప్పులకి 45 వేలు ఇస్తామంటున్నారు, పాత్రలతో సహా హక్కులన్నీ వాళ్ళవేనట. దానికి ఒప్పుకుని, ఉద్యోగం మానేసి పూర్తిగా ఇందులోకి దిగొచ్చా అన్నది నీ సందేహం. దాంతోపాటు బొమ్మ ఇంకా కుదరడం లేదన్న బెంగ ఒకటి, ఏఐ వచ్చాక మనల్ని ఎవరు చూస్తారన్న భయం ఒకటి.

ఉద్యోగం ఇప్పుడు మానకు. ఆ కాగితం మీద, ఇప్పుడున్న రూపంలో, సంతకం అసలు పెట్టకు. మొదటి సలహా ఏడాదికో రెండేళ్ళకో మారొచ్చు. రెండోది ఎన్నేళ్ళయినా మారదు. ఈ పనిలో మనకంటూ మిగిలే ఆస్తి పాత్రలొక్కటే. మనల్ని చూసే జనం ఇవాళ ఉంటారు, రేపు ఇంకో వైపు వెళ్తారు. వాళ్ళని మనదాకా తెచ్చే యాప్ ఎవరిదో. నువ్వు గీసిన ఆ అమ్మ, ఆ కొడుకు, ఆ హాస్టల్ వంటమనిషి మాత్రం నీవాళ్ళు. వాళ్ళని అమ్మేశాక నీకు చేయి మిగులుతుందంతే.

ఇది పుస్తకాల్లో చదివి చెప్తున్నది కాదు. మాది తెనాలి. ఇంటర్ చదివేటప్పుడు వారపత్రికలకి పోస్టులో కార్టూన్లు పంపేవాణ్ణి, తిరుగు కవరుకి స్టాంపులు అంటించి మరీ. పదికి తొమ్మిది వెనక్కొచ్చేవి. 2009లో బ్లాగు పెట్టి వారానికో స్ట్రిప్ వేయడం మొదలెట్టాను. తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించే కూడలి అనే సైటులో కనబడిన రోజు వందమంది చదివితే పండగ. అందులో సీతమ్మత్తయ్య అని ఒక పాత్ర ఉండేది. నడక మా మేనత్తది. మాట్లాడబోయే ముందు కొంగు బొడ్లో దోపుకోవడం కూడా ఆవిడదే. జనానికి బాగా నచ్చింది.

2012లో ఒక ప్రకటనల సంస్థ నుంచి ఫోను వచ్చింది. బీమా గురించి ఊళ్ళల్లో పంచే కరపత్రాలకి అత్తయ్య కావాలన్నారు. పన్నెండు స్ట్రిప్పులు, 18 వేలు. చెల్లెలి పెళ్ళికి రెండు నెలలు ఉంది. ఒప్పందం నాలుగు పేజీలు. డబ్బు రాసి ఉన్న పేజీ చదివి, నాలుగో పేజీలో సంతకం పెట్టాను. మూడో పేజీలో ఉన్న వాక్యం ఎనిమిది నెలల తర్వాత నోటీసు వచ్చినప్పుడు చదివాను: పాత్ర పేరు, రూపం, సమస్త హక్కులు, ప్రపంచమంతటా, శాశ్వతంగా. బ్లాగులో ఉన్న 140 స్ట్రిప్పులు తీసేశాను. అత్తయ్య ఏమైందండీ అని ఆ తర్వాత రెండేళ్ళు ఉత్తరాలు వచ్చాయి. మా మేనత్త 2016లో పోయింది. పెద్దకర్మ రోజు ఆవిడ గుర్తుగా ఆ బొమ్మ ఒక్కటి గీసి నలుగురికీ చూపించాలనిపించింది, చూపించలేకపోయాను. నీ ప్రశ్న చదవగానే నాకు గుర్తొచ్చింది ఆ రోజే. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఇది మన దగ్గరే జరిగింది అనుకోకు. సూపర్‌మాన్‌ని సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ ఇద్దరూ 1938లో 130 డాలర్లు తీసుకుని హక్కులు రాసిచ్చారు. ఆ తర్వాత దశాబ్దాలపాటు ఆ పాత్ర కోసం కోర్టుల చుట్టూ తిరిగారు. హక్కులు రాసిచ్చేనాటికి ఇద్దరికీ ఇరవై మూడేళ్ళు. దాదాపు నీ ఈడే.

ఇక చట్టం. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, 2012లో పెద్ద సవరణ జరిగింది. బొమ్మ గీసిన క్షణం నుంచే దాని మీద నీకు హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అది నీ జీవితకాలం, ఆ పైన 60 ఏళ్ళు ఉంటుంది. వేరేవాళ్ళకి బదిలీ చేయాలంటే 19వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా, నీ సంతకంతో జరగాలి. ఏ హక్కు, ఎంతకాలం, ఏ ప్రాంతానికి అన్నది అందులో రాయాలి. కాలం రాయకపోతే అయిదేళ్ళనే లెక్క. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అంటే రాయకుండా వదిలేసిన చోట చట్టం మన పక్షాన నిలబడుతుంది. శాశ్వతంగా, ప్రపంచమంతటా అన్న రెండు మాటలు పడ్డాయంటే ఆ రక్షణని మనమే చేతులారా వదులుకున్నట్టు. నీకొచ్చిన కాగితంలో ముందు ఆ రెండు మాటలు వెతుకు, ఉండే ఉంటాయి. హక్కులు అమ్మినా సరే, గీసింది నేనే అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద నీ దగ్గరే ఉంటుంది. అదైనా కాస్త ఊరట.

వాళ్ళకి కాదు అని చెప్పి తలుపు మూసేయమని కూడా అనడం లేదు. ఇలా రాయి: ఈ అరవై స్ట్రిప్పులని మీ యాప్‌లో తెలుగులో ఏడాదిపాటు ప్రచురించుకోవడానికి అనుమతి ఇస్తున్నాను. పాత్రలు, పేర్లు, పుస్తకంగా వేసే హక్కు, యానిమేషన్ హక్కు, బొమ్మల మీద సరుకులు అమ్ముకునే హక్కు నావి. ప్రతి స్ట్రిప్పులో నా సంతకం ఉండాలి. మూడో వంతు డబ్బు ముందే ఇవ్వాలి. ఈ షరతులకి 45 వేలు కాకపోయినా 30 వేలే ఇస్తామన్నా నేనైతే ఒప్పుకుంటాను, ఎందుకంటే ఏడాది తర్వాత అవే స్ట్రిప్పులు పుస్తకంగా వేసుకోవచ్చు. వాళ్ళు మాకు పాత్రలే కావాలి అని పట్టుబడితే, వాళ్ళ కోసం కొత్త పాత్రలు సృష్టించి ఇస్తానని, దానికి ధర వేరని చెప్పు. అమ్మని మాత్రం ఇవ్వకు.

ఇంకొకటి, నువ్వు అడగనిది. నీ కంపెనీలో చేరినప్పుడు సంతకం పెట్టిన ఒప్పందం తీసి చదువు. మన చట్టంలో 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పని యజమానిది అవుతుంది. నీ స్ట్రిప్ టెస్టింగ్ ఉద్యోగంలో భాగం కాదు, నిజమే. కానీ కొన్ని కంపెనీలు ఉద్యోగకాలంలో నువ్వు సృష్టించినదంతా మాదే అనేలా వాక్యం పెడతాయి, పక్క సంపాదన కూడదనీ రాస్తాయి. అలాంటిది ఉంటే హెచ్ఆర్‌కి ఒక మెయిల్ రాసి, ఫలానా స్ట్రిప్ నా సొంత సమయంలో సొంత పరికరాలతో చేస్తున్నాను అని తెలియజేసి, జవాబు దాచుకో. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఒక్క గీత కూడా గీయకు.

డబ్బు సంగతికొద్దాం. స్ట్రిప్‌కి డబ్బు రాదు, స్ట్రిప్ వల్ల డబ్బు వస్తుంది. నాకు మొదటి మూడేళ్ళు రూపాయి రాలేదు. మొదటి సంపాదన ఒక పాఠకుడి పెళ్ళి శుభలేఖ, ఆరు ప్యానెళ్ళ, అంటే ఆరు గళ్ళ స్ట్రిప్పుగా గీసిచ్చినందుకు 1,800. ఈ రోజుకీ నా ఇల్లు గడిచేది నాలుగైదు పాయల మీద. ఆసుపత్రులకీ బ్యాంకులకీ స్వచ్ఛంద సంస్థలకీ గీసే అవగాహన స్ట్రిప్పులు పెద్ద పాయ. శుభలేఖలు, షష్టిపూర్తి కానుకలు రెండోది, మాఘం, శ్రావణం వచ్చాయంటే చేతినిండా పని. పుస్తకాలు, బడుల్లో పెట్టే వర్క్‌షాపులు, కాగితం మీద గీసిన అసలు బొమ్మల అమ్మకం మిగిలినవి. వీళ్ళంతా ఏదో ఒక రోజు నా స్ట్రిప్ ఫోనులో చూసి నా దగ్గరకి వచ్చినవాళ్ళే. కంపెనీలు ఇచ్చే డబ్బులో పది శాతం టీడీఎస్ కోస్తాయి, ఏటా రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకో.

పాశ్చాత్య దేశాల ఆర్టిస్టులు పేట్రియాన్‌లో నెలనెలా పాఠకుల చందాతో బతుకుతున్నారు కదా, మనమెందుకు చేయకూడదు అని అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేనూ ప్రయత్నించాను. 2021 ఏప్రిల్‌లో, ఆన్‌లైన్‌లో డబ్బు చేరవేసే పేపాల్ మన దేశంలో దేశీయ చెల్లింపులు ఆపేసింది. అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి కార్డుల మీద నెలనెలా వాటంతటవే డబ్బు కట్ అయ్యే పద్ధతికి రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు వచ్చాయి, విదేశీ సైట్లకి మనవాళ్ళు కట్టే చందాలు చాలావరకు బ్యాంకులు తిరగ్గొట్టేశాయి. అందుకని అమెరికాలో, గల్ఫులో ఉన్న తెలుగువాళ్ళ కోసం పేట్రియాన్ పెట్టుకో, ఇక్కడి వాళ్ళకి యూపీఐ చాలు. స్ట్రిప్ చివర క్యూఆర్ కోడ్ పెట్టి పదో ఇరవయ్యో అడగడానికి నాకు చాలాకాలం మొహమాటం అడ్డొచ్చింది. అడిగాను, ఇచ్చారు. పుస్తకం వేస్తున్నాను, ముందుగా డబ్బు కట్టినవాళ్ళ పేర్లు లోపల వేస్తాను అన్నప్పుడు ఇంకా బాగా ఇచ్చారు.

ఎంతకాలం పడుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ. అమెరికాలో రిచ్ బర్లూ అనే ఆయన 2003 నుంచి ఆన్‌లైన్‌లో ఒక స్ట్రిప్ వేస్తున్నారు, పేరు ది ఆర్డర్ ఆఫ్ ది స్టిక్. పుల్లల్లాంటి చేతులు, పుల్లల్లాంటి కాళ్ళు. పాత పుస్తకాలు మళ్ళీ అచ్చువేయడానికి 2012లో కిక్‌స్టార్టర్ అనే చందాలు పోగుచేసే సైటులో 57,750 డాలర్లు అడిగితే పన్నెండున్నర లక్షల డాలర్లు వచ్చాయి. ఈ అంకె చూసి అందరూ నోరెళ్ళబెడతారు. నేను మాత్రం రెండు తేదీల మధ్య ఉన్న తొమ్మిదేళ్ళని చూస్తాను. ఆ తొమ్మిదేళ్ళూ పాత్రలు ఆయన చేతిలోనే ఉన్నాయి కాబట్టే పుస్తకాలు వేసుకోగలిగారు.

మన దేశంలోనే చూడాలంటే నాగపూర్ ఆయన రోహన్ చక్రవర్తి ఉన్నారు. చదివింది దంతవైద్యం. గీసేది అడవి జంతువులు, పక్షులు, కప్పలు, అవే. ఆ స్ట్రిప్ గ్రీన్ హ్యూమర్ పేరుతో 2013లో అంతర్జాతీయ సిండికేషన్‌కి, అంటే ఒకే స్ట్రిప్‌ని చాలాచోట్లకి అందించే సంస్థ చేతికి వెళ్ళింది. వన్యప్రాణి సంస్థలకి బొమ్మలు కావాలంటే ముందు గుర్తొచ్చే పేరు ఆయనదే. నీకు దీంట్లో పనికొచ్చే సంగతి ఏంటంటే, ఆయన అందరి కోసం అన్నీ గీయలేదు. నువ్వు గత మూడు నెలల్లో సినిమా ట్రైలర్ల మీద, క్రికెట్ మీద, ఎన్నికల మీద గీశావు. వాటికి లైకులు ఎక్కువే వచ్చాయి, చూశాను. కానీ వాటి కోసం వచ్చినవాళ్ళు మళ్ళీ ట్రైలర్ వచ్చేదాకా నీ గుమ్మం తొక్కరు. సత్తెనపల్లి అమ్మ, కూకట్‌పల్లి హాస్టల్లో కొడుకు. నీ దగ్గర మాత్రమే దొరికేది అది. అక్కడే ఉండు.

బొమ్మ కుదరడం లేదన్న బెంగ గురించి. ఎక్స్‌కేసీడీ అనే ఆన్‌లైన్ స్ట్రిప్ 2005 నుంచి నడుస్తోంది, అందులో మనుషులకి ముఖాలే ఉండవు. కాబట్టి బొమ్మ కాదు నీ అసలు ఇబ్బంది. నీ ఇబ్బంది మాటలు. చెప్పడం కాదు, చూపిస్తాను. నువ్వు పోయిన నెల వేసిన పచ్చడి స్ట్రిప్పు తీసుకుందాం. మొదటి ప్యానెల్లో అమ్మ ఫోనులో, ఏం తిన్నావురా అంటుంది. బిర్యానీ అంటాడు కొడుకు. రెండో ప్యానెల్, నిన్న? బిర్యానీ. ఇంతవరకు అద్భుతం, నేను రాసినా అంతకంటే బాగా రాయలేను. మూడో ప్యానెల్లో అమ్మ చేత ఏమనిపించావు? అయ్యో, రోజూ బయటి తిండి తింటే ఒళ్ళేమవుతుందిరా, ఉండు నాన్నతో గోంగూర పచ్చడి చేయించి పంపిస్తాను అని. నాలుగో ప్యానెల్లో నాన్న బస్టాండులో కార్గో కౌంటరు దగ్గర పచ్చడి సీసాతో నిలబడ్డాడు. అంటే మూడోదాంట్లో చెప్పేసిందే నాలుగోదాంట్లో మళ్ళీ గీశావు.

మూడో ప్యానెల్లో బెలూన్, అంటే మాటలు రాసే బుడగ, మొత్తం తీసెయ్. అమ్మ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఉంటుంది, మాట లేదు. వెనకాల వంటింటి గుమ్మంలో నాన్న తల ఎత్తి చూస్తుంటాడు, అంతే. ఇప్పుడు నాలుగోది చూడు. నాన్న, బస్టాండు, కార్గో కౌంటరు, గుడ్డ చుట్టి దారం కట్టిన సీసా. పచ్చడి అన్న మాటే ఎక్కడా లేదు, అయినా చదివేవాడి నోట్లో గోంగూర పులుపు తగులుతుంది. మన ఇళ్ళల్లో ప్రేమ నోటితో చెప్పరు కదా తమ్ముడూ, సీసాలో పెట్టి మూత బిగించి పంపుతారు. ఆ సంగతి నీకు తెలుసు, గీశావు కూడా. నీ మీద నమ్మకం లేక పైన మాటలు రాశావు. ప్రతి స్ట్రిప్పూ పోస్టు చేసే ముందు బెలూన్లు ఒక్కొక్కటే వేలితో మూసి చదువు. మూసినా అర్థమవుతుంటే ఆ బెలూన్ అక్కర్లేదు.

మాటలంటే గుర్తొచ్చింది, తెలుగు అక్షరాల సంగతి. దీని గురించి ఎవరూ నేర్పరు, అందరూ ఇంగ్లీషు కామిక్స్ చూసి బెలూన్లు గీస్తారు. ఇంగ్లీషులో పెద్దక్షరాలన్నీ ఒకే ఎత్తు, రెండు గీతల మధ్య సర్దుకుంటాయి. మనకి పైన గుడులు, కింద వత్తులు. రాష్ట్రం అని రాస్తే ఒకే అక్షరానికి రెండు వత్తులు దిగుతాయి. కింది వరసలో కీ అనో తీ అనో ఉంటే దాని గుడి పోయి ఆ వత్తుకి తగులుతుంది. ఫోను తెరమీద అదొక నల్లటి మరక. అందుకని వరసల మధ్య ఎడం ఇంగ్లీషుకి ఇచ్చేదానికంటే సగం ఎక్కువ ఇవ్వు. బెలూన్లో మూడు వరసలు దాటనివ్వకు. ముందు మాట రాయి, దాని చుట్టూ బెలూన్ గీయి, మిగిలిన చోట మనిషిని నిలబెట్టు. నువ్వు మనిషిని గీశాక మిగిలిన మూలలో మాటల్ని కుక్కుతున్నావు.

వీలైతే చేత్తో రాయి. బాపు గారి గీత ఎంత గొప్పదో ఆయన చేతిరాతా అంతే గొప్పది, దాన్ని ఫాంటుగా చేసుకుని ఇవాళ్టికీ శుభలేఖల మీద వాడుతున్నారు. చేతిరాత కుదరదంటే గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, ధూర్జటి, గిడుగు, లక్కిరెడ్డి ఉన్నాయి. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కాబట్టి అమ్మే పుస్తకంలో వాడినా ఇబ్బంది లేదు. లక్కిరెడ్డి చేతిరాతలా ఉంటుంది, స్ట్రిప్‌కి బాగా అమరుతుంది. ఎక్కడినుంచో కాపీ కొట్టిన ఫాంటు మాత్రం వద్దు. ఫోటోషాప్‌లో వత్తులు విడిపోతుంటే టైప్ సెట్టింగుల్లోకి వెళ్ళి వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకో, కుదురుకుంటాయి.

నువ్వు 1080 పిక్సెళ్ళ వెడల్పుతో గీస్తున్నానన్నావు. ఈ రోజే మానెయ్. అచ్చుకి అంగుళానికి 300 చుక్కలు కావాలి. ఆ లెక్కన నీ స్ట్రిప్ కాగితం మీద మూడున్నర అంగుళాలే, అరచేతిలో పట్టేంత. పద్నాలుగు నెలల పని పుస్తకానికి పనికిరాకుండా పోతుంది. పెద్దగా గీసి, పోస్టు చేసేటప్పుడు చిన్నది చేసుకో. తెలుపు నలుపు గీతలైతే 600 పెట్టుకో. పరికరాలకి ఖర్చు పెట్టొద్దు, తెర లేని పెన్ టాబ్లెట్ నాలుగు వేల లోపు దొరుకుతుంది, బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ క్రిటా ఉచితం.

క్రమం. వారానికి రెండు వేస్తున్నావు, ఒక్కోసారి పది రోజులు కనబడవు, ఆ తర్వాత వరసగా నాలుగు వేస్తావు. వారానికి ఒకటే వెయ్యి, కానీ అదే రోజు, అదే వేళకి. పాల ప్యాకెట్టులా రావాలి. ముందుగా పన్నెండు స్ట్రిప్పులు గీసి పక్కన పెట్టుకున్నాకే ఈ కొత్త క్రమం మొదలుపెట్టు. జ్వరం వస్తుంది, రిలీజు పేరుతో ఆఫీసులో రాత్రిళ్ళు కూర్చోబెడతారు, సంక్రాంతికి ఊరెళ్తావు. ఆ నిల్వే నిన్ను కాపాడుతుంది. నిల్వ నాలుగుకి పడిపోతే నేను బయటి పనులు ఒప్పుకోవడం ఆపేస్తాను.

ఇన్‌స్టాగ్రామ్ ఒక్కదాన్నే నమ్ముకోకు. 2020 జూన్ 29న టిక్‌టాక్ నిషేధించినప్పుడు లక్షల మంది చూసే తెలుగువాళ్ళు తెల్లారేసరికి ఏమీ లేకుండా మిగిలారు, తమని చూసేవాళ్ళకి మేం ఫలానా చోట ఉన్నాం అని చెప్పుకునే దారి కూడా లేకపోయింది. ఏడాదికి వెయ్యి, పదిహేను వందలు పెడితే సొంత పేరుతో సైటు పెట్టుకోవచ్చు. ప్రతి స్ట్రిప్పూ ముందు అక్కడ పడాలి. ఒక వాట్సాప్ ఛానల్, మెయిల్ అడ్రసుల పట్టిక పెట్టుకో. నా పుస్తకాలు కొన్నవాళ్ళలో ఎక్కువమంది ఆ పట్టికలో ఉన్న తొమ్మిది వందల చిల్లర మందే, ఫేస్‌బుక్‌లో ఉన్న ఇరవై వేల మంది కాదు.

వాట్సాప్ ఫార్వర్డుల్లో నా పేరు కత్తిరించి పంపుతున్నారని బాధపడ్డావు. సంతకం అంచున పెడుతున్నావు, అందుకే కత్తిరిస్తున్నారు. బొమ్మలో కలిపెయ్. గోడమీద క్యాలెండర్లో, బస్సు నంబరు ప్లేటులో, అమ్మ చీర అంచులో. అప్పుడు తీయాలంటే బొమ్మ పాడవుతుంది. కత్తిరించి తమ ముద్ర వేసుకున్న పేజీల మీద ఫిర్యాదు చెయ్, కానీ దానికి వారానికి అరగంట మించి ఇవ్వకు.

పుస్తకం లెక్క ఒకటి చెప్తాను, నీకు పనికొస్తుంది. నా రెండో పుస్తకం 96 పేజీలు, తెలుపు నలుపు, 500 కాపీలు, ఒక్కోదానికి 70 రూపాయల ఖర్చు, ధర 150. షాపు ద్వారా అమ్మితే 40 శాతం కమీషను పోయి నాకు 20 మిగిలింది. హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో, విజయవాడ పుస్తక మహోత్సవంలో ఒక మిత్రుడి స్టాల్లో మూల బల్ల దగ్గర నేనే కూర్చుని అమ్మితే 80 మిగిలింది. పైగా కొన్న ప్రతివాళ్ళకీ మొదటి పేజీలో వాళ్ళు కోరిన పాత్రని గీసిచ్చాను. మళ్ళీ ఏడాది వాళ్ళే వెతుక్కుంటూ వచ్చారు, పిల్లల్ని తీసుకుని. హైదరాబాద్‌లో కామిక్ కాన్ 2013 నుంచీ జరుగుతోంది, అక్కడ ఆర్టిస్టులకి బల్లలు ఇస్తారు. ముందు ఒకసారి ఊరికే వెళ్ళి చూసి రా. మే 20న తొలి తెలుగు కార్టూనిస్టు తలిశెట్టి రామారావు గారి జయంతి, తెలుగు కార్టూనిస్టుల దినోత్సవం. పెద్దవాళ్ళు కలుస్తారు, వెళ్ళి పరిచయం చేసుకో. ఒప్పందాల గురించి వాళ్ళకి తెలిసినంత ఏ వకీలుకీ తెలియదు.

ఏఐ గురించి నా మాట చిన్నదే. పండగ శుభాకాంక్షల బొమ్మలు, ఒక్కసారి వాడి పారేసే పోస్టర్లు, ఆ పని తగ్గింది, నాకే తగ్గింది. స్ట్రిప్ తగ్గలేదు. గుడ్డ చుట్టి దారం కట్టిన సీసా మీ నాన్న చేతిలో ఎలా ఉంటుందో చూసినవాడివి నువ్వు. ఆ దారం ముడి గురించి నీకు తెలిసింది ఇంకెవరికీ తెలియదు. భయపడే సమయంలో ఇంకో స్ట్రిప్ గీయి.

ఇక ఉద్యోగం ఎప్పుడు మానాలి. నేను నా స్ట్రిప్ మొదలుపెట్టిన ఎనిమిదేళ్ళకి మానాను, అదీ మా ఆవిడ టీచరు జీతం ఇంట్లోకి వస్తుండబట్టి. నీకు చెప్పే లెక్క ఇది: బొమ్మల మీద వచ్చే డబ్బు వరసగా పన్నెండు నెలలు నీ ఇంటి అద్దె, తిండి, ఊరికి పంపేది కలిపిన మొత్తాన్ని దాటాలి. ఒక్క నెల తగ్గినా మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టు. దాంతోపాటు ఎనిమిది నెలల ఖర్చు బ్యాంకులో ఉండాలి. సొంతంగా ఆరోగ్య బీమా తీసుకుని ఉండాలి, కంపెనీది ఉద్యోగంతోనే పోతుంది. పెళ్ళి మాటలు జరుగుతున్నాయని రాశావు. అమ్మాయికి ఈ ఆలోచన ఇప్పుడే చెప్పు, తర్వాత కాదు.

ఈ వారం చేయాల్సింది మాత్రం రెండే. యాప్ వాళ్ళు పంపిన ఒప్పందంలో ఎవరి పేర్లూ లేకుండా హక్కుల పేరా ఒక్కటి ఇక్కడ పెట్టు, ఏ మాట కొట్టేయాలో, దాని బదులు ఏం రాయాలో వాక్యం వాక్యం చెప్తాను. ఈలోగా పచ్చడి స్ట్రిప్పులో మూడో బెలూన్ తీసేసి శుక్రవారం సాయంత్రం మళ్ళీ వెయ్యి. ముందు మాత్రం మీ అమ్మకి పంపించు. ఆవిడ ఏమంటుందో నాకూ చెప్పు.